ఇంట్లో సంపాదించేది ఒక్కరే అయితే

(అమెరికాలో ఒక ఆదివారం ఉదయం, తెలుగు బడి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. పిల్లలు పక్క గదుల్లో గుణింతాలు దిద్దుకుంటున్నారు, కాబట్టి మనకు గంట టైముంది. నన్ను పిలిచినవాళ్ళు కాలేజీ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పుల గురించి చెప్పమన్నారు. ఇక్కడున్న వాళ్ళలో చాలామంది పిల్లలు టెన్నిసో స్విమ్మింగో గోల్ఫో ఫెన్సింగో నేర్చుకుంటున్నారు. శనివారం తెల్లవారుజామునే లేచి, మూడేసి గంటలు కారు నడిపి, వాళ్ళను టోర్నమెంట్లకు తీసుకెళ్తున్నారు మీరు. నేనూ పదేళ్ళు ఆ పని చేశాను. అందుకే స్కాలర్‌షిప్పు ఎలా తెచ్చుకోవాలో చెప్పేముందు, అసలు ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, 2020లో కరోనా వచ్చి అది ఆగిపోతే ఎవరి పళ్ళెం ముందు తీసేశారు అన్నది చెప్తాను.

మా ఇంటి సంగతితో మొదలుపెడతాను. మా అబ్బాయి ఒక స్టేట్ యూనివర్సిటీ టెన్నిస్ టీమ్‌లో ఆడేవాడు. పేరు చెప్పను, అవసరం లేదు. 2020 ఎండాకాలం చివర్లో ఇంట్లోనే ఉన్నాడు. మా బేస్‌మెంట్‌లో రాకెట్‌కి స్ట్రింగ్స్ బిగించే మెషీన్ ఒకటుంది. ఆ రోజు నిలువు తీగలు బిగించడం అయిపోయి, అడ్డం తీగలు మొదలుపెట్టాడు. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పదిహేను నిమిషాల్లో టీమ్ అంతా జూమ్‌లోకి రావాలని. ఆ కాల్ తొమ్మిది నిమిషాలు నడిచింది. ఈ సీజన్‌తో టీమ్ ఆఖరు, స్కాలర్‌షిప్పులు డిగ్రీ అయ్యేదాకా ఇస్తాం, ప్రశ్నలుంటే ఈమెయిల్ పంపండి. అంతే. వాళ్ళ కోచ్‌కి కూడా ఆ సంగతి గంట ముందే తెలిసిందట. వాళ్ళమ్మ మెట్ల మీద నిలబడి విన్నది. వాడు ల్యాప్‌టాప్ మూసి, మళ్ళీ మెషీన్ దగ్గరికెళ్ళి, మిగిలిన అడ్డం తీగలన్నీ బిగించి, ముడి వేసి, కొస కత్తిరించి, రాకెట్ బ్యాగులో పెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

నేను వృత్తిరీత్యా అకౌంటెంట్‌ని. నాకు తెలిసిన పని లెక్కలు చూడటం. ప్రభుత్వ యూనివర్సిటీ స్పోర్ట్స్ డిపార్ట్‌మెంటు ఆదాయం, ఖర్చు పబ్లిక్ రికార్డు, అడిగితే ఇస్తారు. ఆ వారమే అడిగాను. అప్పట్నుంచి ఈ లెక్కలు చదువుతూనే ఉన్నాను.

నేను గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. కాలేజీ ఫీజులో గేమ్స్ ఫీజని కొన్ని రూపాయలు ఉండేవి. మా పీడీ గారు ఆ డబ్బుతోనే నెట్లు, ఉన్ని బంతులు కొనేవారు. బయట టోర్నమెంటుకి వెళ్తే సెకండ్ క్లాస్ రైలు టికెట్టు, రోజుకింతని బత్తా. మా ఆట చూడటానికి ఎవరూ టికెట్టు కొనలేదు, టీవీ వాళ్ళు రాలేదు. ఆట మీద ఆదాయమనేదే లేదు కాబట్టి, ఆదాయం పడిపోయిందని ఆట మానిపించే అవసరం కూడా ఎవరికీ రాలేదు.

ఇక్కడ పద్ధతి వేరు. ఇది పాతకాలం ఉమ్మడి కుటుంబం. మగపిల్లల ఫుట్‌బాల్, మగపిల్లల బాస్కెట్‌బాల్, ఈ రెండే సంపాదించే అన్నదమ్ములు. అందులోనూ ఫుట్‌బాలే పెద్దన్న. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. టెన్నిస్, స్విమ్మింగ్, జిమ్నాస్టిక్స్, రెజ్లింగ్, రోయింగ్, ఆడపిల్లల ఆటలు దాదాపు అన్నీ ఆ సంపాదన మీదే బతుకుతాయి. పెద్ద యూనివర్సిటీలో ఇరవై, పాతిక, ముప్ఫై టీమ్‌లు ఉంటాయి. పోనీ ఆ పెద్దన్న అందరికీ సరిపడా తెస్తాడా అంటే, అదీ లేదు. దేశంలో పై స్థాయి ఫుట్‌బాల్ ఆడే యూనివర్సిటీలు దాదాపు 130 ఉంటే, 2019లో సొంత ఆదాయంతో ఖర్చులు వెళ్ళదీసుకున్నవి 25 మాత్రమేనని ఎన్‌సీఏఏ లెక్కే చెప్పింది. కాలేజీ ఆటలన్నిటినీ నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. మిగతా చోట్ల యూనివర్సిటీ జనరల్ ఫండు నుంచి, విద్యార్థుల ఫీజుల నుంచి పూడుస్తారు. కొన్ని యూనివర్సిటీల్లో ఒక్కో విద్యార్థి స్పోర్ట్స్ ఫీజే ఏడాదికి వెయ్యి డాలర్లు దాటుతుంది. స్టేడియం మొహం చూడని పిల్లలు కూడా కట్టాల్సిందే. మీ ఫీజు బిల్లులో ఆ లైను ఎక్కడుందో ఒకసారి వెతకండి.

ఇప్పుడు 2020 మార్చి 12కి వెళ్దాం. ముందురోజే ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాను మహమ్మారిగా ప్రకటించింది. అదే రాత్రి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ తన సీజన్ ఆపేసింది. మర్నాడు ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టోర్నమెంటును, అదే మార్చ్ మ్యాడ్‌నెస్‌ని, మగపిల్లలదీ ఆడపిల్లలదీ రద్దు చేసింది. మగపిల్లల టోర్నమెంటు 1939లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో కూడా ఆగలేదు. ఎన్‌సీఏఏ ఆదాయంలో సింహభాగం ఆ ఒక్క టోర్నమెంటు టీవీ హక్కుల నుంచే వస్తుంది. కాలేజీలకు ఆ ఏడాది పంచాల్సింది దాదాపు 60 కోట్ల డాలర్లు, పంచింది 22.5 కోట్లు. ఆటలు రద్దయితే వచ్చే ఇన్సూరెన్సు 27 కోట్లు ఉంది కాబట్టి, కొంత దాచిన డబ్బు కలిపి, ఆ మాత్రమైనా ఇవ్వగలిగారు. అంతకుముందు ఏడాది 110 కోట్లు దాటిన ఎన్‌సీఏఏ ఆదాయం ఆ ఏడాది 52 కోట్ల దగ్గర ఆగింది. మూడు వారాల టోర్నమెంటు జరగకపోతే అంత పడిపోయింది.

అయితే అసలు భయం బాస్కెట్‌బాల్ గురించి కాదు. ఆగస్టు వస్తోంది. ఫుట్‌బాల్ సీజన్ వస్తోంది. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. ఆ శనివారాలు లేకపోతే టికెట్లు పోతాయి, పార్కింగ్ పోతుంది, మంచి సీటు కోసం ఇచ్చే విరాళాలు పోతాయి, అన్నిటికన్నా ముఖ్యం టీవీ డబ్బు పోతుంది. ఆ ఊళ్ళలో హోటళ్ళకి, చిన్న చిన్న రెస్టారెంట్లకి ఆ ఆరేడు శనివారాల మీదే ఏడాది గడుస్తుంది.

చిన్న యూనివర్సిటీల సంగతి ఇంకో రకం. వాటికి గ్యారంటీ గేమ్స్ అని ఉంటాయి. పెద్ద టీమ్ తన సొంత స్టేడియంలో సీజన్ మొదట్లో సులువుగా గెలిచే మ్యాచ్ కావాలనుకుంటుంది. చిన్న టీమ్‌ని పిలిచి, వచ్చి ఓడిపోయినందుకు పది లక్షలో ఇరవై లక్షలో డాలర్లు ఇస్తుంది. ఒహాయోలో కెంట్ స్టేట్ అని ఉంది. 2020లో పెన్ స్టేట్, అలబామా, కెంటకీలతో అలాంటి మూడు మ్యాచ్‌లు పెట్టుకుంది. మొత్తం యాభై లక్షల డాలర్ల పైమాటే. యూనివర్సిటీలు గుంపుగా కలిసి ఆడుకునే లీగుల్ని కాన్ఫరెన్సులు అంటారు. పెద్ద కాన్ఫరెన్సులు మేం మాలో మేమే ఆడుకుంటాం అన్నాయి, ఆ మూడూ పోయాయి. బలమైన టీమ్ చేతిలో ఆ కుర్రాళ్ళు తిన్న దెబ్బలతో వాళ్ళ కాలేజీలో గోల్ఫ్ టీమ్, జిమ్నాస్టిక్స్ టీమ్ నడుస్తాయన్నమాట. ఇది నాకు తెలిసినప్పుడు చాలాసేపు మనసు బాగోలేదు.

ఇక కోతలు. ఏప్రిల్ మొదట్లో ఓల్డ్ డొమినియన్ యూనివర్సిటీ రెజ్లింగ్ తీసేసింది. రెండు వారాల్లో సిన్సినాటీ మగపిల్లల సాకర్ తీసేసింది. తర్వాత వరస కట్టారు. బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీలో బేస్‌బాల్, కనెక్టికట్‌లో నాలుగు ఆటలు, డార్ట్‌మత్‌లో ఐదు, స్టాన్‌ఫర్డ్‌లో ఏకంగా 11, అయోవాలో నాలుగు, మిన్నెసోటాలో మగపిల్లల టెన్నిస్, జిమ్నాస్టిక్స్, ఇండోర్ ట్రాక్. ఇలా తీసేసిన ఆటల్లో ఏవేవి ఉన్నాయో తెలుసా? టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్, ఫెన్సింగ్, స్క్వాష్. మన పిల్లల్ని మనం వేసే ఆటలన్నీ ఇందులో ఉన్నాయి.

అయోవా సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కడ తేదీలు చూస్తే విషయం బయటపడుతుంది. ఆగస్టు 11న బిగ్ టెన్ కాన్ఫరెన్సు ఫుట్‌బాల్ వాయిదా వేసింది. పది రోజులకి, 21న, అయోవా యూనివర్సిటీ మగపిల్లల టెన్నిస్, జిమ్నాస్టిక్స్, ఆడా మగా స్విమ్మింగ్ టీమ్‌లు తీసేస్తున్నాం అని ప్రకటించింది. ఫుట్‌బాల్ లేక పది కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని, 6 నుంచి 7.5 కోట్ల లోటు వస్తుందని కారణం చెప్పారు. సరే, ఆ రోజుకి అది నిజమే అనుకుందాం. సెప్టెంబరు 16న బిగ్ టెన్ మనసు మార్చుకుంది. అక్టోబరులో ఫుట్‌బాల్ మొదలైంది. జనం లేరు గానీ టీవీ ఉంది, టీవీ డబ్బూ ఉంది. ఏ కారణం చూపించి ఆటలు తీసేశారో ఆ కారణంలో పెద్ద ముక్క పోయింది కదా? అయినా నిర్ణయం మారలేదు. ఈత చరిత్రలో అయోవాకి ఉన్న స్థానం చిన్నది కాదు, బటర్‌ఫ్లై స్ట్రోక్ రూపు దిద్దుకున్న చోట్లలో ఆ కొలను ఒకటి. అది కూడా లెక్కలోకి రాలేదు.

మరి ఆ నిర్ణయాన్ని కదిలించింది ఎవరు? స్విమ్మింగ్ అమ్మాయిలు. కోర్టుకెళ్ళారు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ అనే చట్టం ప్రకారం, చదువులోనే కాదు ఆటల్లోనూ ఆడపిల్లల మీద వివక్ష చూపకూడదు. కాలేజీలో వాళ్ళ నిష్పత్తికి తగ్గట్టు ఆటల్లో అవకాశాలు ఉన్నాయా అన్నది అందులో ఒక ముఖ్యమైన కొలత. ఫెడరల్ జడ్జి డిసెంబరులో స్టే ఇచ్చారు. ఫిబ్రవరిలో యూనివర్సిటీ ఆడపిల్లల స్విమ్మింగ్‌ని తిరిగి పెట్టింది. తర్వాత ఆడపిల్లల రెజ్లింగ్ కూడా కొత్తగా వచ్చింది. నాకు చాలా సంతోషం. అదే కొలనులో ఈదిన మగపిల్లల టీమ్ మాత్రం తిరిగి రాలేదు. టెన్నిస్ రాలేదు. జిమ్నాస్టిక్స్ రాలేదు.

ఇక్కడ చాలామంది తండ్రులు టైటిల్ నైన్ వల్లే మా అబ్బాయి ఆట పోయింది అంటారు. నాకూ ఆ కోపం కొన్నాళ్ళు ఉండేది, దాచుకోను. లెక్క చూశాక పోయింది. ఆ రోజుల్లో రూలు ప్రకారం ఒక ఫుట్‌బాల్ టీమ్‌కి 85 పూర్తి స్కాలర్‌షిప్పులు. మగపిల్లల టెన్నిస్ టీమ్ మొత్తానికి నాలుగున్నర. దాన్నే ఎనిమిది, పదిమంది ముక్కలు చేసి పంచుకునేవారు. ఆడపిల్లల వైపు 85 మందికి సాటి వచ్చే ఆట ఏదీ లేదు కాబట్టి, ఆడపిల్లల టెన్నిస్‌కి ఎనిమిది ఇచ్చి, అలా అలా సరిచేసేవారు. మగపిల్లల చిన్న ఆటలకి చోటు లేకుండా చేసింది ఆ 85 అనే అంకె. ఎదురింటి అమ్మాయి ఈత కొట్టడం వల్ల మా వాడి టెన్నిస్ పోలేదు.

ఇప్పుడు అకౌంటెంట్‌గా నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం. టీమ్ తీసేస్తే ఇంత ఆదా అని యూనివర్సిటీ ఒక అంకె చెప్తుంది. అందులో పెద్ద లైను ఏంటి? స్కాలర్‌షిప్పులు. స్కాలర్‌షిప్పు అంటే ఏంటి? స్పోర్ట్స్ డిపార్ట్‌మెంటు ఆ పిల్లాడి ట్యూషన్ ఫీజు కడుతుంది. ఎవరికి? అదే యూనివర్సిటీకి. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి. ఆ పిల్లాడు క్లాసులో కూర్చుంటే ప్రొఫెసర్ జీతం పెరగదు, లైట్ల బిల్లు పెరగదు. పైగా నాలుగున్నర స్కాలర్‌షిప్పుల్ని పదిమంది పంచుకుంటే, మిగతా ఫీజు తల్లిదండ్రులు సొంతంగా కట్టేవారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళు రెట్టింపు, అంతకన్నా ఎక్కువా కడతారు. మా వాడి టీమ్‌లో నేను పేరు పేరునా లెక్కేశాను. ఆ పిల్లల కుటుంబాలు కట్టే ఫీజులు, డిపార్ట్‌మెంటు టీమ్ మీద పెట్టే అసలు ఖర్చు పక్కపక్కన రాస్తే, తేడా వాళ్ళు చెప్పిన ఆదాలో చిన్న ముక్క. అసలు ఖర్చంటే కోచ్ జీతం, వ్యాను పెట్రోలు, మోటెల్ గదులు, బంతులు. పెద్ద డిపార్ట్‌మెంటు మొత్తం బడ్జెట్‌లో మగపిల్లల టెన్నిస్ నూటికి ఒక్క డాలరు దాకా కూడా రాదు.

అదే ఏడాది డిసెంబరు చూడండి. ఆబర్న్ యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ గస్ మాల్జాన్‌ని తీసేసింది. కాంట్రాక్టు మధ్యలో తీసేస్తే ఇవ్వాల్సిన డబ్బు 2 కోట్ల 14 లక్షల డాలర్లు. పనిచేసినందుకు కాదు, మానేయమన్నందుకు. ఇది కరోనా ఏడాదిలో, స్టేడియాలు చాలావరకు ఖాళీగా ఉన్నప్పుడు. డబ్బు పోయిన మాట నిజం, నేను కాదనను. ఒహాయో స్టేట్ లాంటి ధనిక డిపార్ట్‌మెంటుకే ఆ ఏడాది ఆరు కోట్లకు పైగా లోటు వచ్చింది. అయితే ఆ నష్టాన్ని ఎవరి మీద వేయాలన్నది వైరస్ నిర్ణయించలేదు. ఆఫీసు గదుల్లో కూర్చుని మనుషులు నిర్ణయించారు. నేను ఇవాళ మీకు చెప్పదల్చుకున్నది ఇదే.

మనుషులు చేసిన నిర్ణయం కాబట్టే కొన్నిచోట్ల తిరగబడింది కూడా. బౌలింగ్ గ్రీన్‌లో మే 15న బేస్‌బాల్ తీసేశారు. పాత ఆటగాళ్ళు ఫోన్లు పట్టుకుని 15 లక్షల డాలర్లకి మాట తీసుకున్నారు. జూన్ 2న టీమ్ తిరిగొచ్చింది. డార్ట్‌మత్‌లో లాయర్లు టైటిల్ నైన్ కేసు వేస్తామంటే జనవరిలో ఐదు ఆటలూ తిరిగొచ్చాయి.

స్టాన్‌ఫర్డ్ అందరికన్నా ఆశ్చర్యం. వేల కోట్ల డాలర్ల నిధి ఉన్న సంస్థ. రియో ఒలింపిక్స్‌లో స్టాన్‌ఫర్డ్‌తో సంబంధం ఉన్న ఆటగాళ్ళు 27 పతకాలు తెచ్చారు. అదే ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చినవి రెండు, సింధు వెండి, సాక్షి మలిక్ కంచు. అలాంటి చోట 36 ఆటల్లో 11 తీసేస్తామన్నారు, 240 మందికి పైగా పిల్లలు. అమెరికాలో మన దగ్గరలాగా క్రీడల మంత్రిత్వ శాఖ లేదు, మన ప్రభుత్వ క్రీడా సంస్థ సాయ్ నడిపేలాంటి హాస్టళ్ళు లేవు. ఒలింపిక్స్‌కి వెళ్ళే ఆటగాళ్ళలో చాలామందిని తయారుచేసేది ఈ కాలేజీ టీమ్‌లే. 2021 మార్చిలో షేన్ గ్రిఫిత్ అనే స్టాన్‌ఫర్డ్ రెజ్లర్, యూనివర్సిటీ పేరు లేని నల్ల సింగ్లెట్, అంటే రెజ్లర్లు వేసుకునే బిగుతు డ్రెస్సు, వేసుకుని బరిలోకి దిగి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. పూర్వ విద్యార్థులు నిధులు కూడగట్టారు, కేసులు పడ్డాయి. మే 18న మొత్తం 11 ఆటలూ ఉంచుతున్నాం అని యూనివర్సిటీ ప్రకటించింది. నేను ఆ వార్త చదివి మా అబ్బాయికి పంపాను. వాడు ఒక బొటనవేలు బొమ్మ పంపాడు.

చిన్న ప్రైవేటు కాలేజీల గురించి ఒక మాట. డివిజన్ త్రీ అంటారు, స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పులు ఉండవు. అక్కడ ఆట వల్లే పిల్లలు చేరతారు, ఫీజులు కడతారు. అందుకని అక్కడ టీమ్ తీసేస్తే కాలేజీకే నష్టం. స్కాలర్‌షిప్పులో ఒక చిన్న ముక్క కోసం ఆరాటపడే తల్లిదండ్రులు ఆ కాలేజీల వైపు ఒకసారి చూడండి. ఆట ఉంటుంది, నాలుగేళ్ళూ ఉండే అవకాశం ఎక్కువ.

కరోనా పోయింది, ఇక భయం లేదు అనుకోకండి. 2025 జూన్‌లో ఒక పెద్ద కోర్టు సెటిల్‌మెంటు ఖరారైంది. దాని ప్రకారం ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది 2025-26కి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాళ్ళకి వాళ్ళ కష్టం దక్కాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి వెళ్తుంది. అది ఎక్కణ్ణుంచి తీస్తారు? 2020లో ఎవరి పళ్ళెం తీశారో చూశాం కదా. ఈసారి వైరస్ సాకు కూడా అక్కర్లేదు.

మన టెన్నిస్ కుర్రాడు నిశేష్ బసవరెడ్డి రెండేళ్ళు స్టాన్‌ఫర్డ్‌కి ఆడి, ప్రొఫెషనల్ అయ్యి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచినప్పుడు మనమందరం రాత్రి నిద్ర మానుకుని చూశాం. మన నెల్లూరు కుటుంబం. ఆ దారి మూసుకుపోకూడదని నా ఆశ. అందుకే కోచ్ మీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు ర్యాంకింగ్ గురించి, కోర్టుల గురించి మాత్రమే అడిగి ఊరుకోకండి. ఈ టీమ్‌కి సొంత శాశ్వత నిధి ఉందా, మీ జీతం దాన్నుంచి వస్తుందా, ఫుట్‌బాల్ మిగులు నుంచి వస్తుందా అని అడగండి. 2020లో మీ దగ్గర ఏ టీమ్‌లు తీసేశారు, ఎవరు తిరిగొచ్చారు అని అడగండి. మొహమాటపడొద్దు. నేను పడ్డాను. అన్నిటికన్నా ముందు, ఆట లేకపోయినా మా వాడు ఈ కాలేజీలో ఈ చదువు చదువుతాడా అని ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

మా వాడు చదివాడు. అదే యూనివర్సిటీలో మెకానికల్ పూర్తి చేశాడు. ఆఖరి రెండేళ్ళు టెన్నిస్ కోర్టుల పక్కనుంచి నడిచి క్లాసులకి వెళ్ళేవాడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. స్ట్రింగింగ్ మెషీన్ తనతో తీసుకెళ్ళాడు, వాళ్ళ ఊళ్ళో హైస్కూల్ పిల్లలకి రాకెట్లు బిగించి ఇస్తాడు, తీగ ఖర్చు మాత్రం తీసుకుంటాడు. ఆ రోజు బేస్‌మెంట్‌లో బిగించిన రాకెట్ మాత్రం మా గరాజ్‌లోనే ఉంది. ఆ తీగలు ఇప్పటికీ మార్చలేదు.

పిల్లల క్లాసు అయిపోవడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది. అడగండి, నాకు తెలిసింది చెప్తాను. వెనక వరుసలో అమ్మా, మీరు చెయ్యెత్తారు, ముందు మీరు అడగండి.